పారే మాట

ముక్కు కారుతుంది. పంపు వస్తుంది. చీర రంగు దిగుతుంది. హోటలు నడుస్తుంది. సినిమా ఆడుతుంది. ఎన్నికల్లో మనిషి నిలబడతాడు. డబ్బాలో పంచదార అయిపోతుంది. ఈ ఏడు పనులకూ తెలుగులో ఏడు క్రియలు కావలసి వచ్చాయి. ఇంగ్లీషుకు ‘రన్’ ఒక్కటి చాలు. ముక్కు పరుగెత్తుతుంది, పంపు పరుగెత్తుతుంది, రంగు పరుగెత్తుతుంది, హోటలునూ సినిమానూ పరుగెత్తిస్తారు. పంచదార దగ్గరికి వచ్చేసరికి మరీ విచిత్రం. అక్కడ పరుగెత్తేది పంచదార కాదు, అది నిండుకున్న ఇంట్లో మనిషి.

ఇంగ్లీషులో ఏ మాటకు ఎక్కువ అర్థాలున్నాయి అన్న ప్రశ్నకు చాలాకాలం ‘సెట్’ అని జవాబు చెప్పేవారు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు దానిదే. తర్వాత మూడో కూర్పు పని మొదలైంది. ‘ఎం’ అక్షరం దగ్గర ఆరంభించి ముందుకు సాగారు. 2000లో ‘మేక్’ సెట్‌ను దాటింది. 2007లో ‘పుట్’ మేక్‌ను దాటింది. 2011లో ‘రన్’ వచ్చి అన్నిటినీ వెనక్కి నెట్టింది. క్రియగా దానికి 645 అర్థాలు లెక్కకు వచ్చాయి. ఆ పని చేసిన నిఘంటుకారుడు పీటర్ గిలివర్. ఒక్క మాట దగ్గర ఆయనకు తొమ్మిది నెలలకు పైగా పట్టింది. మూడక్షరాల మాట ముందు ఒక పండితుడు అన్ని నెలలు కూర్చున్నాడని తెలిసినప్పుడు నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఆ మాట మీద అంతకంటే ఎక్కువ గౌరవం కలిగింది.

ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ‘రన్’ పుట్టిన జర్మానిక్ ధాతువులో కాళ్ళ పరుగుతో పాటు నీటి ప్రవాహం కూడా ఉంది. మనిషీ నీరూ ఆ మాటలో మొదటి నుంచీ కలిసే ఉన్నారు. తర్వాత యంత్రాలొచ్చాయి. గడియారం, మర, రైలింజను, మోటారు, చివరికి కంప్యూటరు ప్రోగ్రాము. పారిశ్రామిక విప్లవం మొదట జరిగిన దేశపు భాష కనుక ఆగకుండా పనిచేసే ప్రతిదానికీ ఇంగ్లీషు ఈ మాటనే తగిలించింది. ఆగకపోవడమే గొప్ప అని నమ్మిన కాలం ముద్ర ఆ మాట మీద ఉందని నాకు అనిపిస్తుంది.

నేనుండేది టెక్సాస్‌లో. ఇక్కడ స్పానిష్ పరాయి భాష కాదు. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు నాలుగు కోట్లకు పైనే. మా కాలనీలో పైకప్పులు వేసేవాళ్ళూ, కూరగాయల అంగడివాళ్ళూ, పిల్లల బడిలో టీచరమ్మలూ ఆ భాషలోనే ఊపిరి తీసుకుంటారు. ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళం ఆ భాషను నేర్చుకోవాలనుకున్నప్పుడు అందరం పట్టే దారి ఒకటే: ఇంగ్లీషు–స్పానిష్ నిఘంటువు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చేరి చదివేవారి బల్ల మీద కూడా అదే పుస్తకం ఉంటుంది. అందులో ‘రన్’ తీసి చూస్తే నిలువు వరసల నిండా అంకెలు. ఒక్కో అంకె కింద ఒక్కో స్పానిష్ మాట. మనిషి పరుగెత్తితే కొర్రేర్, యంత్రం పనిచేస్తే ఫున్సియోనార్, కంపెనీ అయితే దిరిహీర్, రైలు అయితే సిర్కులార్, ప్రోగ్రాము అయితే ఎహెకుతార్, రంగు అయితే దెస్తెన్యీర్, లారీ మనిషిని తొక్కేస్తే అత్రొపెయార్. చదివేవాడి గుండె జారిపోతుంది. ఇన్ని ఎప్పటికి వస్తాయి అనుకుంటాడు.

నేను మనసారా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఆ వరసలోని ఇబ్బంది స్పానిష్‌ది కాదు, ఇంగ్లీషుది. ‘రన్’ ఒక్కటే అన్నిటినీ తన గుప్పిట్లో పెట్టుకుంది కాబట్టి దాన్ని విప్పేటప్పుడు అన్ని ముక్కలు కనిపిస్తున్నాయి. తెలుగువాడికి ఆ ముక్కలు ముందే విడివిడిగా ఉన్నాయి. ముక్కు కారడం వేరు, హోటలు నడవడం వేరు అని అమ్మ ఒడిలోనే నేర్చుకున్నాడు. అలాంటివాడు ఇంగ్లీషు గుమ్మం తొక్కి, అక్కడ అన్నీ కలిపేసుకుని, మళ్ళీ స్పానిష్ గుమ్మంలో వాటిని ఏరుకోవడం దేనికి? తిన్నగా వెళ్ళవచ్చు కదా.

తిన్నగా వెళ్తే మొదట ఎదురయ్యేది నడక. మన భాషలో బాగా పనిచేసేవి పరుగెత్తవు, నడుస్తాయి. బండి నడుస్తుంది, గడియారం నడుస్తుంది, పత్రిక నడుస్తుంది, కాలం నడుస్తుంది. బడి నడుస్తోందా, కాపురం ఎలా నడుస్తోంది అని అడుగుతాం. మనిషి గుణం అతని నడత, నడవడి. ఇంటి మధ్య దారి నడవ. స్పానిష్‌లో నడవడానికి అందార్ అనే క్రియ ఉంది. గడియారం ఆగిపోతే ‘ఎల్ రెలోహ్ నో ఆంద’ అంటారు. గడియారం నడవడం లేదు, అంతే. కారు మొరాయించినా లాటిన్ అమెరికాలో చాలాచోట్ల అదే మాట. స్నేహితుణ్ణి పలకరించేటప్పుడు ‘కోమో ఆందాస్’ అంటారు. ఎలా నడుస్తున్నావు, అంటే ఎలా ఉన్నావు అని. వ్యాపారం బాగుంటే మార్చార్ అంటారు, కదం తొక్కుతోంది అన్నట్టు. మనసు బాగాలేనివాడి గురించి ‘ఆంద త్రీస్తె’ అంటారు. ‘దిగులుగా తిరుగుతున్నాడు’ అని మనం అనేదానికి ఇంతకంటే దగ్గర మాట దొరకదు.

‘నడుచు’ పక్కనే ‘నడుపు’ ఉంది. మనం బస్సు నడుపుతాం, దుకాణమూ నడుపుతాం. ఇంగ్లీషుకు ఇవి రెండూ వేరు. బస్సుకు ‘డ్రైవ్’, దుకాణానికి ‘రన్’. మెక్సికో మనిషికి మాత్రం మనలాగే రెండిటికీ ఒకటే మాట, మనెహార్. చేయి అనే మాట నుంచి పుట్టింది. కారునూ మనెహార్ చేస్తాడు, కొట్టునూ మనెహార్ చేస్తాడు. స్పెయిన్‌లో కారుకు కొందుసీర్ అంటారు కాబట్టి ఈ పొత్తు అట్లాంటిక్‌కు ఇవతలి స్పానిష్‌తోనే ఎక్కువ కుదురుతుంది. స్పెయిన్‌వాళ్ళు హోటలు నడిపేవాడి గురించి యెవార్ అంటారు, అంటే మోయడం. హోటలును మోస్తున్నాడు. ఒక్క మనిషి మీద నిలబడ్డ చిన్న హోటలు ఏదైనా చూసినవాడికి ఆ మాట ఎంత సరైనదో తెలుస్తుంది.

సంసారం సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషులో ఇల్లాలు ఇంటిని ‘రన్’ చేస్తుంది. కంపెనీని మేనేజరు నడిపినట్టే. కష్టం ఎక్కడా కనపడదు. మనం అలా అనం. సంసారాన్ని లాక్కొచ్చింది అంటాం, నెట్టుకొచ్చింది అంటాం. భర్త పోయాక నలుగురు పిల్లల్ని పెంచిన తల్లి గురించి స్పానిష్‌వాళ్ళు చెప్పే మాట సకార్ అదెలాంతె. సకార్ అంటే బయటికి లాగడం, అదెలాంతె అంటే ముందుకు. కుటుంబాన్ని ముందుకు లాక్కొచ్చింది. మొదటిసారి ఆ పదబంధం అర్థమైనప్పుడు నాకు మా ఊళ్ళో కనీసం ముగ్గురు పెద్దమ్మలు గుర్తొచ్చారు. వాళ్ళ బతుకును ఒక పరాయి భాష ఇంత సరిగ్గా పలకగలదని తెలియడం నాకు చాలా ఓదార్పునిచ్చింది.

ఇక నీటి సంగతి. మనకు ‘పారు’ అనే మాట ఉంది. పాత గ్రంథాల్లో పాఱు అని బండి ఱతో రాశారు. కాలువలో నీరు పారుతుంది, మడికి నీరు పారిస్తాం, దొంగ పారిపోతాడు. అంటే నీటి ప్రవాహమూ కాళ్ళ పరుగూ ఒకే క్రియలో ఉన్నాయి, సరిగ్గా ఇంగ్లీషు వాళ్ళ పాత ధాతువులో లాగే! ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషా కుటుంబాలు నీటినీ పరుగునూ ఒకేలా చూశాయి. లాటిన్‌లో పరుగెత్తడానికి కుర్రెరె అనేవారు. దాని నుంచి వచ్చిన స్పానిష్ కొర్రేర్‌లోనూ నీరు పారుతుంది. పారే నీళ్ళను ఆగువా కొర్రియెంతె అంటారు. పుకారు కూడా కొర్రేర్ చేస్తుంది, మనకు పాకినట్టు. ప్రమాదాన్ని కూడా వాళ్ళు పరుగెత్తుతారు, ఇంగ్లీషువాళ్ళలాగే. కొర్రేర్ పలికేటప్పుడు నాలుక కొన అంగిలికి గట్టిగా కొట్టుకుని అదరాలి. మామూలు ర వేరు, ఈ ర వేరు. ఒక ర పలికితే ‘కానీ’ అని అర్థం వచ్చే పేరో, రెండో ర పలికితే ‘కుక్క’ అయిపోతుంది. బండి ఱ వాడకం పోగొట్టుకున్న మనకు ఆ గట్టి ర పలుకుతుంటే పాత చుట్టం ఇంటికి వచ్చినట్టుంటుంది.

ఆ లాటిన్ మాట మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. కరెంటు పోయింది అంటామే, ఆ కరెంటు కుర్రెరె బిడ్డే. కొరియర్, కోర్సు, కరెన్సీ, కారిడార్ అన్నీ దాని సంతానమే. కారిడార్ అంటే పరుగెత్తే చోటు, మన నడవ నడిచే చోటు, స్పానిష్‌వాళ్ళ పసీయో దాటిపోయే చోటు. ఇంటి మధ్య ఉన్న అదే ఇరుకు దారి. కొర్రియెంతె అన్న మాటకు స్పానిష్‌లో ఇంకో బతుకు కూడా ఉంది: మామూలుది, రోజూ కనిపించేది అని. ప్రత్యేకత ఏమీ లేని మనిషిని కొమూన్ ఇ కొర్రియెంతె అంటారు.

ఇప్పుడు మళ్ళీ పంచదార దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు నిధి ఇక్కడే ఉంది. పంచదార అయిపోతే ఇంగ్లీషు వాక్యంలో కర్త ‘నేను’. నేను పరుగెత్తి దాని బయటికి వచ్చేశాను. టైం అయిపోయినా అంతే, ఓపిక అయిపోయినా అంతే. అన్నిటికీ నేనే కర్తను. తెలుగులో పంచదార కర్త. అది అయిపోయింది, నాకు ఇబ్బంది కలిగింది. స్పానిష్‌లో ఏమంటారు? ‘సె మె అకబో ఎల్ అసూకర్’. అకబార్ అంటే ముగియడం. ‘మె’ అంటే నాకు. ‘సె’ అన్న చిన్న ముక్క, ఆ పని దానంతట అది జరిగిందని చెబుతుంది. నాకు పంచదార అయిపోయింది. మాటకు మాట సరిపోయింది.

ఒక్క పంచదార ఏమిటి? ఆఫీసుకు ఆలస్యమవుతున్నప్పుడు ఇంగ్లీషువాడు ఆలస్యంగా ‘రన్’ అవుతాడు. మనం ‘నాకు ఆలస్యమవుతోంది’ అంటాం. స్పానిష్‌లో ‘సె మె ఆసె తార్దె’, నాకు ఆలస్యం అవుతోంది. చేతిలోంచి గ్లాసు జారితే ‘సె మె కయో ఎల్ వాసో’, నా చేతిలోంచి గ్లాసు పడిపోయింది. తాళాలు పోతే ‘సె మె పెర్దియెరోన్ లాస్ యావెస్’, నా తాళాలు పోయాయి. ఇంగ్లీషులో గ్లాసును నేను పడేశాను, తాళాలను నేను పోగొట్టాను. ఈ వాక్య నిర్మాణాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళకు పాఠ్యపుస్తకాలు ఒక అధ్యాయమంతా కేటాయిస్తాయి. తెలుగు పిల్లవాడికి ఒక్క పూటలో పట్టుబడుతుంది, ఎందుకంటే వాడు పుట్టినప్పటి నుంచి అలాగే మాట్లాడుతున్నాడు. నాకు ఇష్టం అన్నదానికి ‘మె గూస్త’, నాకు తలనొప్పి అన్నదానికి ‘మె దువెలె లా కబేస’. ఇష్టం, నొప్పి, కొరత ఇవన్నీ మనిషి చేసేవి కావు, మనిషికి జరిగేవి. ఈ చూపు ఇద్దరికీ ఉంది. క్రియాపదం చివరే ఎవరు చేశారో తెలుస్తుంది కాబట్టి ‘నేను’ను వదిలేయడం కూడా ఇద్దరికీ అలవాటే. నువ్వు, మీరు తేడా ఉన్నట్టే వాళ్ళకు తూ, ఉస్తేద్ ఉన్నాయి.

ఇన్ని పోలికలు చెప్పాను కదా అని రెండు భాషలూ ఒకటే అనుకోకూడదు. స్పానిష్‌లో బల్లకు స్త్రీలింగం, పుస్తకానికి పుంలింగం. ఉండటానికి రెండు క్రియలు. అవి నేర్చుకోవలసిందే. ‘రన్’ విషయంలో కూడా తెలుగు ఏమాత్రం సాయపడని చోట్లున్నాయి. మనకు సినిమా వంద రోజులు ఆడుతుంది. స్పానిష్‌లో అది కర్తెలేరా మీద, అంటే పోస్టర్ల పలక మీద, వంద రోజులు ఉంటుంది. ఎన్నికల్లో అమెరికావాడు పరుగెత్తుతాడు, బ్రిటన్‌వాడు మనలాగే నిలబడతాడు, స్పెయిన్‌వాడు తనను తాను జనం ముందు ప్రవేశపెట్టుకుంటాడు: ప్రెసెంతార్సె. మేజోడు నూలు చీరుకుపోయి గీత పడితే స్పెయిన్‌లో కర్రేరా అంటారు. టాక్సీలో ఒక ప్రయాణమూ, యూనివర్సిటీలో చదివే చదువూ కూడా కర్రేరాలే. బేస్‌బాల్‌లో తీసే పరుగు కూడా కర్రేరాయే. కానీ బంతిని మైదానం దాటించి కొడితే ఇంగ్లీషు ‘హోమ్ రన్’ను తమ నోటికి తగ్గట్టు హొన్‌రోన్ చేసుకున్నారు. పుచ్చుకున్న మాటను సొంతం చేసుకోవడంలో ఆ ధీమా నాకు నచ్చుతుంది.

తొక్కేసే లారీ మాట అత్రొపెయార్ దగ్గర కాసేపు ఆగాలి. గుంపు అనే అర్థమున్న త్రొపెల్ నుంచి వచ్చింది. దాని నామవాచకం అత్రొపెయోకు ప్రమాదం అనే కాదు, దౌర్జన్యం అని కూడా అర్థం. బలవంతులు పేదవాడి హక్కులను కాలరాస్తే అదీ అత్రొపెయోయే. కాలరాయడం అన్న మన మాటలోనూ అదే అడుగుల బరువుంది.

ఒకే సంఘటనను రెండు భాషలు చెరో కొస నుంచి పట్టుకున్న చోటు స్పెయిన్‌లోని పాంప్లోనా. ఏటా జులై 7 నుంచి 14 వరకు సాన్ ఫెర్మిన్ ఉత్సవంలో ఉదయం ఎనిమిదింటికి ఎద్దులను వీధుల్లోకి వదులుతారు. సుమారు 875 మీటర్ల దూరం. ముందు మనుషులు, వెనక ఎద్దులు. 1926లో వచ్చిన హెమింగ్వే నవల తర్వాత ఇది ప్రపంచమంతా తెలిసింది. ఇంగ్లీషులో దాని పేరు ఎద్దుల పరుగు. స్పానిష్‌లో ఎన్సియెర్రో, అంటే లోపల పెట్టి మూసేయడం. చూడవచ్చినవాడికి పరుగు కనిపించింది. ఊరివాళ్ళకు కనిపించింది అసలు పని: సాయంత్రం పోరు కోసం ఎద్దులను పోరు వలయం దొడ్లోకి చేర్చడం. ఆ సాయంత్రం ఆ మూసిన వలయంలో జరిగే పోరు పేరు మాత్రం కొర్రీదా. పరుగు అని! వీధిలో పరుగుకు మూత పేరు, మూసిన చోట పోరుకు పరుగు పేరు.

ఇదే జంట ఇంకోచోట బాధాకరంగా ఎదురవుతుంది. జనం ఒక్కసారిగా బ్యాంకు మీద పడి డబ్బు తీసుకోవడాన్ని ఇంగ్లీషులో ‘రన్’ అన్నట్టే స్పానిష్‌లో కొర్రీదా బాంకారియా అంటారు. 2001 చివర్లో అర్జెంటీనాలో అది జరిగింది. డిసెంబరు మొదట్లో ప్రభుత్వం వారానికి 250 పెసోలకు మించి నగదు తీయకూడదని కట్టడి చేసింది. దానికి స్థిరపడిన పేరు కొర్రలీతో, చిన్న దొడ్డి. పసిపిల్లలను ఆడుకోమని కూర్చోబెట్టే కటకటాల చట్రాన్ని కూడా అలాగే అంటారు. మనుషులు పరుగెత్తారు, వాళ్ళ డబ్బును దొడ్లో కట్టేశారు. ఆ నెల తిరగకుండానే దేశంలో ప్రభుత్వం కూలింది. వీధుల్లో గిన్నెలు మోగిస్తూ నిలబడ్డ ఆ జనం నోట నలిగిన మాట అది. ఏ నిఘంటువు వరసలో చూసినా ఆ వేడి తగలదు.

దేశాన్ని బట్టి ఒకే మాట మారిపోయే తీరు కూడా తెలుసుకోవాలి. మెక్సికోలో యజమాని ఒకణ్ణి కొర్రేర్ చేశాడంటే ఉద్యోగంలోంచి తరిమేశాడని. పైకప్పుల పనివాళ్ళ నోట ఈ మాట తరచు వింటాను, ఎప్పుడూ నవ్వుతూ అనరు. బస్సులో పక్కకు జరగమని చెప్పడానికి లాటిన్ అమెరికాలో చాలాచోట్ల కొర్రేర్‌నే తమవైపు తిప్పి వాడతారు. అదే రూపం స్పెయిన్‌లో నలుగురిలో పలకదగినది కాదు. ఇరవై దేశాల భాష ఒక్క పుస్తకానికి లొంగదు.

అందుకే నాకు ఒక నిఘంటువు మీద మనసుంది: ఇంగ్లీషు ఊసు లేకుండా తెలుగు మాట దగ్గర మొదలై స్పానిష్ మాట దగ్గర ఆగేది. ‘నడుచు’ కింద అందార్, మార్చార్. ‘నడుపు’ కింద మనెహార్, యెవార్. ‘లాక్కొచ్చు’ కింద సకార్ అదెలాంతె. ‘కారు’ కింద గొతెయార్, ముక్కు అయితే ప్రత్యేకంగా మొకెయార్. ‘అయిపోవు’ కింద పెద్ద పేజీ, దాని నిండా సె మె వాక్యాలు. ‘పారు’ కింద మొదట నీరు, కొర్రేర్. తర్వాత దొంగ, ఉయీర్. ఆ తర్వాత పాచిక పారడం రాయాలి. పాచిక పరుగెత్తిందని రాస్తే స్పానిష్‌వాడికి ఏమీ తెలియదు. వాళ్ళు ‘లె సలియో బియెన్ లా హుగాదా’ అంటారు. హుగాదా అంటే ఆటలో వేసే ఎత్తు. వాడి ఎత్తు బాగా బయటికొచ్చింది. ‘చూపు పారినంత మేర’కు మాత్రం రెండు మూడు మాటలు రాసి కొట్టేశాను. చూపు చేరినంత మేర అనే ‘అస్త దోందె అల్కాన్స లా వీస్త’ దగ్గర ప్రస్తుతానికి ఆగాను.